అర డాలరు చందా: అమెరికా ఆరోగ్య బీమా పుట్టుపూర్వోత్తరములు

అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరములో బేలర్ విశ్వవిద్యాలయము వారి వైద్యశాల యొకటి కలదు. బాప్టిస్టు మతస్థులు నెలకొల్పిన ఆ వైద్యశాలకు 1929వ సంవత్సరమున నిర్వాహకుడుగా వచ్చిన జస్టిన్ ఫోర్డ్ కింబల్ అను పెద్దమనిషి వైద్యుడు కాడు. అంతకుపూర్వము ఆ నగరమందలి పాఠశాలలకెల్ల అధికారిగా నుండి, బడిపంతుళ్ల కష్టసుఖములెరిగినవాడు. కొత్త కొలువులో కుదురుకొని, వసూలుకాక నిలిచిన బాకీల పట్టీని ముందిడుకొని చూడగా అందులో తానెరిగిన ఉపాధ్యాయుల పేర్లే పలుమార్లు కానవచ్చెను. జీతము చిన్నది, జబ్బు పెద్దది. బాకీ తీరు దారి యేది? ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి చెలరేగిన పిమ్మట ఉపాధ్యాయుల కొరకై తానే యేర్పరచిన సహాయనిధి లెక్కలు ఆయన యెరుకలోనే యుండెను. వాటిని తిరగవేసి, వైద్యశాల ఖర్చు ఒక్కొక్క ఉపాధ్యాయునికి సగటున నెలకు 15 సెంట్లు మాత్రమేయని తేల్చి, ఎందుకైనను మంచిదని దానిని 50 సెంట్లకు పెంచి, ఆ అర డాలరు నెలనెలా చెల్లించువారికి ఏడాదిలో 21 దినములు వైద్యశాలలో మంచమును, పరిచర్యను వేరు రుసుము లేకుండ లభించునట్లు కట్టడి చేసెను. వేయిమందికి పైగా ఉపాధ్యాయులు చేరిరి. ఆ డిసెంబరు మాసముననే మంచుమీద కాలుజారి చీలమండ విరుగగొట్టుకొనిన పంతులమ్మ యొకతె ఆ పథకము క్రింద తొలిరోగి యయ్యెను.

మన యూళ్లలో పదిమంది చేరి చీటీ కట్టు పద్ధతి యెరిగినవారికి ఇందు వింత యేమియు తోచదు. పాట లేదు, కష్టము వచ్చినవానిదే చీటీ, అంతియే భేదము. ఇచ్చట నొక మాట. బీమా యను పదము పారసీకమునుండి హిందుస్తానీ మీదుగా మనకు వచ్చినది. ఆ భాషలో ‘బీమ్’ అనగా భయము. మనవారనేకులు దానికి ఒత్తు తగిలించి ‘భీమా’ యని వ్రాయుట భీమసేనుని భుజబలమును తలచుకొనియో యేమోకాని, పదము పుట్టినది మాత్రము భయమునుండియే. అయితే డల్లాసులో నాడు భయపడినవారెవరని విచారించినచో, రోగికంటె ముందు వైద్యశాలయే యని చెప్పక తప్పదు. కింబల్ దయాళువు కాడని నా భావము కాదు. ఆయన కట్టిన గొడుగు మొదట బాకీల పుస్తకమునకు పట్టినది, ఆ నీడలోనికి రోగి తరువాత వచ్చినాడు. అమెరికా ఆరోగ్య బీమా చరిత్రయంతయు ఈ వరుసను మరువక చదువవలసియున్నది.

జీతమునుండి కొంత మినహాయించి వైద్యమునకు కూడబెట్టు ఆలోచన ఆ దేశమునకు నాడు కొత్తది కాదు. 1798లో, జాన్ ఆడమ్స్ అధ్యక్షుడుగా నున్నకాలమున, వాణిజ్యనౌకలలో పనిచేయు నావికుల జీతమునుండి నెలకు 20 సెంట్లు పట్టుకొని, ఆ ధనముతో రేవు పట్టణములందు వారికి చికిత్స జరిపించు శాసనము చేయబడెను. అదట్లుండ, జర్మనీలో బిస్మార్కు 1883లోనే కార్మికులకు నిర్బంధ వ్యాధిబీమాను నెలకొల్పెను. బ్రిటను 1911లో ఆ దారి త్రొక్కెను. వీనిని చూచి అమెరికాలోని సంస్కర్తలు కొందరు, కార్మిక శాసనముల కొరకై పాటుపడు సంఘముగా నేర్పడినవారు, 1915లో ఒక మాదిరి చట్టమును వ్రాసి రాష్ట్రములకు పంపిరి. అప్పుడే ప్రపంచసంగ్రామము ముంచుకొనివచ్చెను. బిస్మార్కు పుట్టించిన బిడ్డ యగుటచేత ఆ ప్రతిపాదనము శత్రుదేశపు సరకని నిందింపబడెను. 1918లో కాలిఫోర్నియా ఓటర్లు దానిని త్రోసిపుచ్చిరి. కార్మికనాయకుడైన శామ్యూల్ గోంపర్స్ సైతము, ప్రభుత్వము చేతికి కార్మికుని ఆరోగ్యము పోరాదని యెదిరించెను. మొదట మెత్తగా మాటలాడిన అమెరికా వైద్యసంఘము 1920 నాటికి గట్టిగా అడ్డు నిలిచెను. ఆ ఖాళీ స్థలములోనే డల్లాసువారి అర డాలరు మొలకెత్తినది.

మొలకకు నీరు పోసినది దారిద్ర్యము. 1929 అక్టోబరులో వాటాల విపణి కూలిన యేడాదికే దేశమందలి వైద్యశాలలకు ఒక్కొక్క రోగివలన వచ్చు సగటు రాబడి 236 డాలర్ల నుండి 59 డాలర్లకు పడిపోగా, మంచములు ఖాళీగా పడియున్న ఆ దినములలో నెలనెలా తప్పక వచ్చు చందాడబ్బు నిర్వాహకులకు అమృతప్రాయమై తోచి, నగరము వెంట నగరము డల్లాసు త్రోవను పట్టెను. మిన్నెసోటా రాష్ట్రపు సెయింట్ పాల్ నగరములో వాన్ స్టీన్‌విక్ అను నిర్వాహకుడు 1934లో తన పథకపు ప్రకటనలమీద నీలవర్ణపు సిలువను వేయించెను. ‘బ్లూ క్రాస్’ అను పేరు ఆ బొమ్మనుండియే వచ్చినది. ఇదంతయు వైద్యశాల ఖర్చునకే గాని వైద్యుని రుసుమునకు కాదు. వైద్యులకు ఈ చందాలన్న చాలకాలము అనుమానమే. తమకును రోగికిని నడుమ మూడవవాడు దూరరాదని వారి పట్టు. తుదకు ప్రభుత్వమే దూరునేమో యను భయము ముదిరి, 1939లో కాలిఫోర్నియా వైద్యులు తమ సొంత పథకము నేర్పరచుకొనిరి. ఆ జాతి పథకములే పిమ్మట ‘బ్లూ షీల్డ్’ అయినవి.

అయినను ఈ మొక్కను మహావృక్షముగా చేసినది వైద్యులు కారు, వైద్యశాలలు కావు. యుద్ధకాలపు జీతముల చట్టము. రెండవ ప్రపంచసంగ్రామములో మగవారు లక్షలుగా సైన్యమునకు తరలిపోవ, కర్మాగారములలో పనివారికి కరవు వచ్చి, యజమానులు పోటీపడి జీతములు పెంచసాగిరి. ధరలు ఆకాశమంటునని 1942 అక్టోబరులో ప్రభుత్వము జీతములను కట్టివేసెను. కాని యజమాని చెల్లించు బీమా చందా, మితముగానున్నంతవరకు, జీతము క్రింద లెక్కకు రాదని అందులోనే యొక సడలింపు నుంచెను. ముందు వాకిలి మూయగా పెరటిదారి తెరచియున్నది. పనివానిని రప్పించుటకు జీతము పెంచరాని యజమాని ఆరోగ్య బీమాను చూపి పిలిచెను. మరుసటి యేడాది పన్నుల శాఖ, ఆ చందా పనివాని ఆదాయము కాదు గనుక దానిపై పన్ను లేదని చెప్పెను; 1954 నాటి పన్నుల స్మృతి ఆ మాటను స్థిరపరచెను. యుద్ధము ముగిసినది, జీతముల కట్టు విడిపోయినది, పెరటిదారి మాత్రము రాజమార్గమై నేటికిని నిలిచియున్నది. 1940లో పదిమందిలో ఒక్కరికైనను లేని వైద్యశాల బీమా 1950 నాటికి సుమారు సగము జనులకు సంక్రమించెను. పెద్ద జీతగానికి పన్ను రేటు పెద్దది గావున ఆ మినహాయింపువలన లాభమును పెద్దదే; చిన్న జీతగానికి చిన్నది; కొలువే లేనివానికి సున్న. ఇట్టి పంపకమును ఎవడైనను ముందుగా ఆలోచించి తలపెట్టియుండునా? ఎవడును తలపెట్టలేదు. తొందరలో వ్రాసిన సడలింపు ఒక దేశపు వైద్యవ్యవస్థ యయ్యెను.

ఈ సందర్భమున సిడ్నీ గార్ఫీల్డ్ అను యువవైద్యుని తలపవలయును. 1933లో లాస్ ఏంజెల్స్ నగరమునకు నీరు తెచ్చు కాలువ త్రవ్వుచున్న కూలీల నడుమ, మొహావీ యెడారిలో, ఆయన చిన్న ఆసుపత్రి కట్టి దివాలాకు సిద్ధపడియుండగా, కూలి యొక్కరికి దినమునకు 5 సెంట్లు ముందుగా చెల్లించు ఏర్పాటు ఆయనను నిలబెట్టెను. ముందే డబ్బు ముట్టినందున, కూలీ గాయపడకుండుటయే వైద్యునికి లాభమయ్యెను; పైకి పొడుచుకొనివచ్చిన మేకులను గార్ఫీల్డ్ కొట్టించెనని చెప్పుకొందురు. హెన్రీ కైజర్ అను గుత్తేదారు ఆయనను తన ఆనకట్టకును, పిమ్మట యుద్ధకాలమున ఓడలు కట్టు కర్మాగారములకును పిలుచుకొనిపోయెను. 1945లో ఆ పథకము ప్రజలందరికిని తెరువబడెను.

అదే సంవత్సరము నవంబరులో అధ్యక్షుడు ట్రూమన్ దేశప్రజలందరికి ఆరోగ్య బీమా కావలెనని శాసనసభకు సందేశము పంపెను. వైద్యసంఘము ఒక్కొక్క సభ్యునిపై 25 డాలర్లు విధించి, విటేకర్, బాక్‌స్టర్ అను ప్రచారశిల్పులైన దంపతులను 1949లో నియమించుకొని, ఇది సామ్యవాద వైద్యమని ఊరూర చాటించెను. రష్యా పేరు చెప్పిన జనము జడియు కాలమది, ప్రతిపాదన మూలబడెను. బ్రిటను మాత్రము 1948 జూలై 5వ తేదీననే పేద ధనిక భేదము లేక వైద్యసేవను జాతీయముగా ప్రారంభించియుండెను.

కొలువుతో ముడిపడిన బీమా ఎవరిని విడిచిపెట్టెనో చూడుడు. ముసలివారిని విడిచెను, కొలువు విరమించగనే రక్షణ పోవును, రోగము వచ్చును. మొదట బ్లూ క్రాసువారు ఊరందరికి ఒకే చందా వసూలు చేయగా, వ్యాపారకంపెనీలు ఆరోగ్యవంతులైన పడుచువారిని తక్కువ ధరకు ఏరుకొనిపోయినందున, మిగిలినవారి చందా పెరుగుచు పోయెను. కొలువు బీమా సేద్యపు కూలీలను, ఇంటిపనివారిని కూడ విడిచెను. దక్షిణరాష్ట్రములందలి నల్లజాతివారిలో అధికసంఖ్యాకులకు ఆనాడు దొరకునవి ఆ పనులే. వైద్యశాలలలోనైన వారికి సమతయున్నదా యన్నచో, 1946 నాటి హిల్–బర్టన్ చట్టము ప్రభుత్వధనముతో వందలకొలది వైద్యశాలలు కట్టించుచునే, జాతికొకటిగా వేరు వేరు కట్టుకొనుటకును అనుమతించెను. ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరో నగరమున జార్జి సింకిన్స్ అను నల్లజాతి దంతవైద్యుడు తోటివారితో కలిసి దావా వేయగా, 1963లో న్యాయస్థానము ఆ అనుమతిని కొట్టివేసెను. 1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్, మిసోరీలోని ఇండిపెండెన్స్ పట్టణమునకు పోయి, వృద్ధుడైన ట్రూమన్ సమక్షమున, 65 యేండ్లు నిండినవారికి మెడికేరును, పేదలకు మెడికెయిడును కల్పించు శాసనముపై చేవ్రాలు చేసెను. మెడికేరు తొలికార్డు ట్రూమన్‌దే. మెడికేరు ధనము కావలసిన వైద్యశాల జాతిభేదము పాటింపరాదని ప్రభుత్వము పట్టుపట్టగా, ఉపన్యాసములకును వేడికోళ్లకును లొంగని వేయికి పైగా వైద్యశాలలు కొద్ది మాసములలో గోడలు తొలగించెను. ధనమునకు అంతటి వాగ్ధాటి గలదు.

తరువాతి కథను వేగముగా చెప్పవచ్చును. 1986లో, అత్యవసరరోగిని డబ్బు లేదని త్రిప్పిపంపరాదని చట్టమాయెను. అయితే ప్రమాదస్థితి తీరువరకే ఆ బాధ్యత, బిల్లు మాత్రము వెంటవచ్చును. 2010 మార్చి 23న ఒబామా సంతకము చేసిన చట్టము, పూర్వమే రోగము గలదని బీమా నిరాకరించు దురాచారమును మాన్పెను, మెడికెయిడును పేదలైన వయోజనులందరికిని విస్తరింపజూచెను. 2012లో సర్వోన్నతన్యాయస్థానము ఆ విస్తరణము రాష్ట్రముల ఇష్టమని తీర్పు చెప్పెను. 2010లో నాలుగున్నర కోట్లకు మించియున్న బీమాలేనివారు 2023 నాటికి రెండుకోట్ల అరువది లక్షల ప్రాంతమునకు తగ్గిరి. ఆ యేట ఆ దేశము వైద్యముపై వెచ్చించినది దేశాదాయములో నూటికి పదిహేడున్నర పాళ్లకు పైమాటే.

బీమాయున్నవారి సుఖమైనను నిండుసుఖము కాదు. యజమాని ద్వారా కుటుంబమునకు దొరకు బీమా ప్రీమియము 2024లో సగటున ఏడాదికి 25,572 డాలర్లు. అందులో పనివాని చేతినుండి పోవునది 6,296. ఇది కట్టిన తరువాతను డిడక్టిబులు, అనగా రోగి మొదట తానే భరింపవలసిన మొత్తము, నిండువరకు సాధారణముగా కంపెనీ చేయి అందింపదు. అది నిండినను కోపే, అనగా చికిత్సకు వెళ్లినప్పుడెల్ల రోగి చెల్లించు వాటా, తప్పదు. వైద్యుడు నెట్‌వర్కులో, అనగా కంపెనీతో ఒప్పందము గలవారి పట్టీలో, లేనియెడల లెక్క మొదటికి వచ్చును. డల్లాసు పరిసరములందలి ఇర్వింగు, ఫ్రిస్కో పట్టణములలో కాపురమున్న మన తెలుగువారికి ఈ మాటలు తెలుగుమాటలంత పరిచితములు. హెచ్-1బి వీసాపై పనిచేయువానికి కొలువు పోయిన, కొత్త కొలువు చూచుకొనవలసిన 60 దినముల గడువుతోపాటు బీమా పోవునను బెంగయు తలకెక్కును. పాతబీమానే 18 మాసములు నిలుపుకొను వీలు చట్టమిచ్చినను, ప్రీమియమంతయు తానే, పైని నూటికి రెండు చేర్చి, కట్టవలయును. మనుమల ముద్దుమురిపెములకై గుంటూరునుండియో వరంగల్లునుండియో పోవు తల్లిదండ్రులకు మెడికేరు లేదు. వారికి కొనిపెట్టు సందర్శకుల బీమాలలో పెక్కింటికి పాతరోగముల చికిత్స పట్టదు. రక్తపుపోటు, మధుమేహము లేని తాతగారెందరు?

మెడికెయిడును విస్తరింపని రాష్ట్రములు నేటికి పది మిగిలియున్నవి. టెక్సాసు అందులో నొకటి. అంగవైకల్యము లేని, పిల్లలు లేని పడుచుపేదవానికి అచ్చట ఎంత లేమియున్నను మెడికెయిడు దొరకదు. కింబల్ అర డాలరు చందా మొదలిడిన ఆ రాష్ట్రమున నేడు ఆరుగురిలో ఒకరికి ఏ బీమాయు లేదు. ఏబది రాష్ట్రములలో ఇదియే అత్యధికము.