తోడేలు లేని అడవి



పిల్లలకి చెప్పే కథల్లో తోడేలు ఎప్పుడూ దుర్మార్గపు జంతువే. నీళ్లు మురికి చేశావని వంక పెట్టి మేకపిల్లని మింగింది కదా మరి! అలాంటి తోడేళ్లని ఒక దేశం పనిగట్టుకుని చంపించి, దాదాపు డెబ్భై ఏళ్లకి మళ్లీ పనిగట్టుకుని తెచ్చుకున్న వైనం ఈవేళ చెప్పుకుందాం.

అమెరికాలో ఎల్లోస్టోన్ అనే పెద్ద అడవి ఉంది. 1872లో దాన్ని జాతీయవనంగా ప్రకటించారు. ప్రపంచంలో మొట్టమొదటిది అదేనంటారు. వనాన్నయితే కాపాడారుగాని, తోడేళ్లని కాపాడలేదు. దుప్పుల్ని తింటున్నాయి, పశువుల మందలమీద పడుతున్నాయి అని ప్రభుత్వమే వాటిని చంపించింది. 1926 నాటికి ఆ పని పూర్తయింది.

పీడ విరగడైందనుకున్నారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. అక్కడ ఎల్క్ అనే భారీ దుప్పులుంటాయి. తోడేలు భయం పోయేసరికి వాటి మందలు పెరిగాయి. వాగుల ఒడ్డున విల్లో చెట్లు చిగురు వేయడమే తడవు, మేసేశాయి. మన పిల్లలాడే క్రికెట్ బ్యాటు ఈ జాతి చెక్కతో చేసేదే. ఈ విల్లోనే తిని, ఈ కొమ్మలతోనే వాగులకి అడ్డుకట్టలు కట్టుకునే బీవర్ అనే జంతువొకటుంది. ఎలుకజాతిదేగాని, ఓ మాదిరి కుక్కంత ఉంటుంది. పాపం, దానికి తిండీ పోయింది, ఇల్లూ పోయింది. కట్టలు లేక నీరు నిలవలేదు. వాగులు లోతుకి కోసుకుపోయి, ఒడ్డు నేల ఆరిపోయింది. ఎల్క్‌లని తగ్గించడానికి 1968 వరకు వనం ఉద్యోగులే తుపాకులు పట్టవలసి వచ్చింది. తోడేలు చేసే పని మనిషి నెత్తిన పడిందన్నమాట!

చివరికి 1995, 96 సంవత్సరాల్లో కెనడానుంచి 31 తోడేళ్లని పెట్టెల్లో తెచ్చి వదిలారు. వనం ఉత్తరభాగంలో అప్పటికి 19 వేలదాకా ఉన్న ఎల్క్‌లు 2013 నాటికి 4 వేల లోపుకి వచ్చాయి. ఇదంతా తోడేళ్ల ప్రతాపమే కాదు. ఎలుగుబంట్లు, వేటగాళ్లు, అనావృష్టి కూడా కారణమే. తోడేళ్లు తిని వదిలేసింది కాకులకీ, డేగలకీ, ఎలుగులకీ విందయింది. కొన్నిచోట్ల విల్లోలు తలెత్తాయి, బీవర్లూ తిరిగొచ్చాయి.

ఇంకేం, అంతా మునుపటిలా అయిపోయిందని చెప్పేవాళ్లున్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంవారు 2001 నుంచి ఇరవై ఏళ్లు అక్కడ పరిశీలించారు. కంచె వేసి, చిన్న అడ్డుకట్టలు కూడా కట్టి నీరు నిలిపినచోట విల్లోలు ఏపుగా పెరిగాయి. ఆ సదుపాయం లేనిచోట చాలామటుకు కురచగానే ఉండిపోయాయి. చూశారా! తోడేలుని పెట్టెలో పెట్టి తేగలిగారుగాని, లోతుకి దిగిపోయిన నీటిని పైకి తేలేకపోయారు.

అలాగని తేవడం తప్పని కాదు. తెచ్చారు కనకే ఆ మాత్రమైనా బాగుపడింది. కాని చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంకన్నా, కాలకముందే జాగ్రత్తపడడం మేలు కదా! ఇల్లు నడిపేవాళ్లం, ఈ సంగతి మనకొకరు చెప్పాలా?