చందమామ ధారావాహికలు: తెలుగు బాలల సాహస నవల
తెలుగులో పది పన్నెండేళ్ల పిల్లల సాహస నవల, అనగా రాజులు, మాంత్రికులు, వింతజంతువులు, సుదీర్ఘ ప్రయాణాలతో అల్లిన కల్పిత గాథ, పుస్తకంగా కన్నా ముందు మాసపత్రికలో ధారావాహికగా, అంటే నెలకొక భాగం వెలువడే కథగా వేళ్లూనుకుంది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి ప్రారంభించిన ‘చందమామ’లో 1952లో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం, 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి నవలలను రెండు దశాబ్దాలకు పైగా రాశారు.

వీటిలో కథానాయకుడు తరచుగా ఒంటరివాడు కాడు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు జంటగా అడవులు, కొండలు దాటుతూ, మంత్రశక్తిని ధైర్యంతోను సమయస్ఫూర్తితోను ఎదుర్కొంటారు. ప్రతి భాగమూ జరిగిన కథను క్లుప్తంగా గుర్తుచేసి మొదలై, ఆపద ముంచుకొచ్చిన ఘట్టంలో ఆగిపోవడం వల్ల, బాలపాఠకులు తరువాతి సంచిక కోసం నెలంతా ఎదురుచూసేవారు. చిత్రకారుడు చిత్రా గీసిన మాంత్రికులు, భయంకర మృగాలు కథలో సగమనడం అతిశయోక్తి కాదు.

అయితే ఈ ధారావాహికలపై రచయిత పేరు ముద్రించకపోవడం తెలుగు బాలసాహిత్యానికి జరిగిన నిజమైన అన్యాయం. అవి దాసరి పేరుతో పుస్తకాలుగా రావడానికి దశాబ్దాలు పట్టింది.