పనులు లేని రోజుల్లో పని నేర్పినవాళ్లు

ఐటీఐ చదివి అప్రెంటిస్ చేసినవాళ్లు మన బ్యాచుల్లో చాలామందే ఉన్నారు. ఆర్డర్లు తగ్గగానే యాజమాన్యం కన్ను ముందుగా పడేది శిక్షణ ఖర్చు మీదేనని వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1980ల మొదట్లో పశ్చిమ జర్మనీలో మాత్రం ఇందుకు విరుద్ధంగా జరిగింది.

1980లో అక్కడ సుమారు 9 లక్షలున్న నిరుద్యోగులు 1983 నాటికి 22 లక్షలు దాటారు. చమురు ధరల దెబ్బకు ఉక్కు, ఓడల పరిశ్రమలు కుంగిపోయాయి. పైగా 1960ల మధ్యలో ఎక్కువ సంఖ్యలో పుట్టిన పిల్లలు సరిగ్గా అప్పుడే బడి ముగించుకుని పనికోసం వచ్చారు. అయినా 1981లో 6 లక్షల పైచిలుకు ఉన్న కొత్త అప్రెంటిస్ ఒప్పందాలు 1984లో 7 లక్షలు దాటాయి.

ఇది చట్టానికి భయపడి చేసిందా? 1976లో ఒక చట్టం వచ్చిన మాట నిజమే. శిక్షణ స్థానాలు అడిగేవారి సంఖ్యకన్నా 12.5 శాతం ఎక్కువ లేకపోతే యజమానుల దగ్గర సుంకం వసూలు చేయవచ్చన్నారు. ఆ సుంకం ఎన్నడూ వసూలు చేయలేదు. రాష్ట్రాల సభ ఆమోదం లేదన్న కారణంతో 1980 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్నే కొట్టేసింది. అంటే బెత్తం విరిగాకే ఒప్పందాలు పెరిగాయి! సుంకం అక్కర్లేదు, మేమే చూసుకుంటామని వాదించిన యజమానులకు ఇక మాట నిలుపుకోక తప్పలేదని నాకనిపిస్తుంది. 1983 ఎన్నికల్లో హెల్ముట్ కోల్, నేర్చుకోదలచిన ప్రతి ఒక్కరికీ చోటు దొరుకుతుందని హామీ కూడా ఇచ్చేశాడు.

పరువుతోపాటు లెక్క కూడా ఉంది. ఫిట్టర్, టర్నర్ లాంటి పనులు నేర్చుకోవడానికి మూడు, మూడున్నరేళ్లు పడుతుంది. వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాల, మిగతా రోజులు మెషీన్ దగ్గర. భత్యం కార్మికుడి జీతంలో కొంత భాగమే. మూడో ఏడుకల్లా కుర్రవాడు అసలు పనే చేస్తుంటాడు. ఈ ఏడాది చేర్చుకోకపోతే, మూడేళ్ల తరవాత ఆర్డర్లు వచ్చినప్పుడు చేయి తిరిగిన మనిషి ఉండడు.

అలాగని అందరి కథా సుఖాంతం కాలేదు. బేకరీలు, క్షౌరశాలలు, కార్ల మరమ్మతు షెడ్లు తాము ఉంచుకోగలిగినదానికన్నా ఎక్కువమందిని చేర్చుకున్నాయి. ఇది చౌక చాకిరీ అని కార్మిక సంఘాలు విమర్శించాయి, అందులో నిజం లేకపోలేదు. రొట్టెల పని నేర్చి చివరికి కార్ల ఫ్యాక్టరీలో తేలినవాళ్లున్నారు. ఆడపిల్లలకు, టర్కీ నుంచి వలస వచ్చిన కార్మికుల పిల్లలకు చోటు దొరకడమే కష్టమైంది.

మన 1961 అప్రెంటిసుల చట్టం ఫలానా నిష్పత్తిలో చేర్చుకోమంటుంది కానీ, తరవాత ఉద్యోగం ఇచ్చి తీరాలనదు. జర్మన్ చట్టమూ అనదు. అయితే అక్కడ ఒక ఊళ్లో తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను మరో ఊరి చిన్న వర్క్‌షాపు యజమాని కూడా లెక్కచేస్తాడు. పరీక్ష పెట్టేది ఛాంబర్, అందులో అతనూ సభ్యుడే. పరీక్షకుల్లో యజమానులతోపాటు కార్మికుల ప్రతినిధులు, వృత్తి పాఠశాల టీచర్లు కూడా ఉంటారు.