పాత బుల్లెట్ నుంచి కారే నూనె: ఒక మరమ్మతు విద్య చరిత్ర

హైదరాబాదు నుంచి నాగపూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాదు నుంచి జగదల్‌పూర్‌కు పోయే 63వ నంబరు జాతీయ రహదారి కలిసే చోట ఉన్న ఆర్మూర్, దాని చుట్టూ ఉన్న ఆలూర్, అంకాపూర్, పెర్కిట్ వంటి ఊళ్లు పసుపు పంటకు పేరుపడ్డాయి. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి, ఎండబెట్టి, తిరిగే డ్రమ్ములో వేసి మెరుగుపెట్టే వరకు సాగే ఆ పంట పనిలో ఇంజన్ ప్రవేశించిన నాటి నుంచి, దాన్ని విప్పి బిగించే విద్య ఇక్కడి సేద్యానికి ఒక అంగమైంది. ఇటువంటి ప్రాంతాల చరిత్ర రాసేవారు కాలువల గురించి, మార్కెట్ యార్డుల గురించి, 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు గురించి వివరంగానే రాశారు గాని, రోడ్డు పక్క మెకానిక్ షెడ్డులో పెరిగిన పరిజ్ఞానాన్ని చరిత్రగా లెక్కించిన వారు తక్కువ. ఆ పరిజ్ఞానంలో ఎక్కువ అపోహలకు గురైన భాగం పాత బుల్లెట్ మోటారు సైకిల్ నుంచి కారే ఇంజన్ నూనెను ఆపడం.

యంత్రానికి నూనె పెట్టడం తెలంగాణకు కొత్త సంగతి కాదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపిన కందెన పూసేవారు. ఆముదం గింజలు విస్తారంగా పండి ఎగుమతి అయిన ప్రాంతాల్లో నాటి హైదరాబాదు సంస్థానం ముఖ్యమైనది. అదే ఆముదం పాశ్చాత్య దేశాల్లో తొలినాటి ఇంజన్లకూ కందెన అయింది. 1909లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చిన క్యాస్ట్రాల్ నూనె పేరు దాని నుంచే పుట్టింది, పెట్రోలులో సులభంగా కరగని గుణం వల్ల మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల ఇంజన్లలోనూ దాన్ని వాడారు. ఆ కాలపు చాలా మోటారు సైకిళ్లలో నూనె ఒకసారి ఇంజన్లోకి పోతే కొంత కాలిపోయేది, కొంత రోడ్డు మీద పడేది. దాన్ని లోపంగా ఎవరూ తలచలేదు, ఎందుకంటే యంత్రాన్ని తయారుచేసినదే ఆ లెక్కతో. వాడిన నూనెను తిరిగి తొట్టిలోకి తోడి మళ్లీ మళ్లీ తిప్పే ఏర్పాటు స్థిరపడ్డాకనే ‘లీకేజీ’ అన్న ఫిర్యాదుకు అర్థం ఏర్పడింది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో బుల్లెట్ అనే పేరును మొదట 1932లో వాడింది. భారతదేశంలో ఈ బండ్ల అమ్మకం 1949లో మద్రాస్ మోటార్స్ ద్వారా మొదలైంది. 1950ల తొలి సగంలో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం 800 బండ్లను కోరడంతో, 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టింది. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. ఇంగ్లండులో మాతృసంస్థ 1970ల తొలినాళ్లకే మూతపడినా, ఇక్కడ మాత్రం అదే నమూనా దాదాపు అదే రూపంలో కొనసాగింది. 1950ల నాటి ఆకృతి గల పోత ఇనుప ఇంజన్ 2010 వరకు తయారవుతూనే ఉండడం వల్ల, తాత నేర్చుకున్న మరమ్మతు మనుమడికీ పనికివచ్చే అరుదైన పరిస్థితి ఏర్పడింది.

ఈ లీకేజీ నింద బుల్లెట్ ఒక్కదానికే పడడానికి కారణం ఉంది. 1960 తరువాత మైసూరు నుంచి వచ్చిన జావా, ఆ తరువాతి యెజ్డీ, ఎస్కార్ట్స్ సంస్థ రాజ్‌దూత్ టూ-స్ట్రోక్ బండ్లు. వాటిలో నూనెను పెట్రోలులోనే కలిపి కాల్చేస్తారు కనుక ఇంజన్లో నిల్వ ఉండి తిరిగే నూనె లేదు, గేర్లకు పోసే కొద్దిపాటి నూనె తప్ప కారడానికి ఏమీ ఉండదు. బుల్లెట్ ఫోర్-స్ట్రోక్ బండి. దాని చాంబరులో, అంటే క్రాంకు తిరిగే అల్యూమినియం పెట్టెలో, ఒక గోడకు ఇవతల బరువైన ఫ్లైవీల్ చక్రాలు తిరుగుతుంటే, ఆ గోడకు అవతల రెండు లీటర్లకు పైగా నూనె పట్టే తొట్టి ఉంటుంది. క్రాంకు చివరి మరచుట్టు తిప్పే రెండు చిన్న పంపుల్లో ఒకటి తొట్టి నుంచి నూనెను బేరింగుకు పంపుతుంది, రెండవది కిందికి జారిన నూనెను తోడి తొట్టికి చేరుస్తుంది.

మరమ్మతు విద్య అంతా ఈ రెండు గదుల మధ్య గోడ దగ్గర మొదలవుతుంది. బండి వారాల తరబడి కదలకుండా నిలిచినప్పుడు, పంపు బిళ్లలు అరిగి ఉంటే వాటి అంచుల మీదుగా తొట్టిలోని నూనె నెమ్మదిగా ఫ్లైవీల్ గదిలోకి దిగుతుంది. దీన్నే వెట్ సంపింగ్ అంటారు. అప్పుడు నూనె కొలపుల్ల తీసి చూస్తే తొట్టి ఖాళీ అయినట్టు కనిపిస్తుంది, యజమాని అర లీటరు కొత్త నూనె పోస్తాడు, ఇంజన్ మొదలుకాగానే మిగులు నూనె అంతా గాలి గొట్టం గుండా బయటికి చిమ్ముతుంది, అది చూసి గాస్కెట్, అంటే అతుకుల మధ్య పెట్టే ప్యాకింగ్, పోయిందని మెకానిక్ ఇంజన్ విప్పుతాడు. ఒక్క గాస్కెట్టూ చెడకుండానే విప్పిన ఇంజన్ల సంఖ్య చెడినవాటి కన్నా ఎక్కువే ఉంటుందని అనుకోవడం అతిశయోక్తి కాదు. అనుభవజ్ఞులు మొదట ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి, రెండవ పంపు నూనెను తొట్టికి చేర్చిన తరువాతనే కొలత చూస్తారు; సమస్య పదే పదే వస్తే పంపు బిళ్లను సన్నని గ్రైండింగ్ పేస్టుతో అది ఆనే ముఖం మీద నూరి చదును చేస్తారు.

గాలి సంగతి అంతకన్నా ముఖ్యం. 346 ఘన సెంటీమీటర్ల ఈ ఒంటి సిలిండరు ఇంజన్లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ చాంబరులోని గాలి నొక్కుకుంటుంది, నిమిషానికి 3,000 చుట్లు తిరిగే వేళ అది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. ఆ గాలిని బయటికి వదిలి లోపలికి రానీయకుండా ఉంచేదే బ్రీథర్. తరువాతి బండ్లలో ఇది బాతుముక్కు ఆకారపు చిన్న రబ్బరు వాల్వు. ఆ రబ్బరు ఎండి గట్టిపడినా, గొట్టం మురికితో పూడినా, పిస్టన్ రింగులు అరిగి మంట వాయువు కిందికి జారినా, చాంబరులో ఒత్తిడి పెరిగి, అంతవరకు పొడిగా ఉన్న అతుకుల నుంచి కూడా నూనెను నెడుతుంది. నిజామాబాదు జిల్లాలో 45 డిగ్రీలకు చేరువయ్యే వేసవిలో నూనె పలచబడడం దీనికి తోడవుతుంది. అందుకే పాతతరం వారు వేసవికి 50 నంబరు చిక్కని నూనెను కోరేవారు, తరువాత వేడికి చిక్కదనం అంతగా మారని 20డబ్ల్యూ-50 నూనె దాని స్థానాన్ని ఆక్రమించింది.

అతుకుల పని అసలు చేతి విద్య. నూనె ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి ఇంజన్‌ను కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, సుద్దపొడి చల్లి కాసేపు నడుపుతారు. గాలికి నూనె వెనక్కీ కిందికీ పాకుతుంది కనుక తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, ముందువైపు ఉన్నదే మూలస్థానం. కంపెనీ ప్యాకింగ్ దొరకనప్పుడు దళసరి కాగితాన్ని మూత మీద పరచి, గుండు సుత్తితో అంచుల వెంట మెల్లగా తట్టి, లోహపు అంచే కాగితాన్ని కోసేలా చేయడం షెడ్డులో చేరిన పిల్లవాడు నేర్చే తొలి పాఠాల్లో ఒకటి. ఎడమవైపు క్లచ్ కవరును నడిమి నట్టు ఒక్కటే పట్టి ఉంచుతుంది. కారుతున్నదని దాన్ని బలంగా బిగించిన కొద్దీ కవరు వంగి, అంచుల్లో మరింత సందు ఏర్పడుతుంది. అలా వంగిన మూతను గాజు పలక మీద ఎమరీ కాగితం పరచి అరగదీస్తే గాని ఏ ప్యాకింగూ నిలవదు.

చాంబరు నిలువుగా రెండు చిప్పలుగా ఉండడమే లీకేజీకి కారణమని తరచూ వినిపించే వాదం నిలబడేది కాదు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 చాంబరు కూడా నిలువు చిప్పలదే. అయినా అది పొడిగా ఉండేది, కారణం ఆ చిప్పల ముఖాలు ఖచ్చితమైన చదునుతో తయారు కావడం, ఒత్తిడి సరిగా బయటికి పోవడం. బుల్లెట్ దోషం నమూనాలో కన్నా పాతబడిన అచ్చుల్లో, అరిగిన యంత్రాల మీద జరిగిన తయారీలో ఎక్కువగా ఉంది. 1994లో ఐషర్ సంస్థ యాజమాన్యం చేపట్టాక తయారీ మెరుగుపడింది, 2008-09లో ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే కొత్త ఇంజన్ రావడంతో ఈ ఫిర్యాదు చాలావరకు సద్దుమణిగింది.

పాత బండ్ల మరమ్మతును దిగజార్చినది మాత్రం ట్యూబులో వచ్చే సిలికాన్ జిగురు. అంతకుముందు లక్క నుంచి తీసిన షెల్లాక్‌ను పలచగా పూసేవారు. అది గట్టిపడి కాలక్రమంలో పగిలినా, మూతను చదును చేయకుండా దాంతో పని గడిచేది కాదు. సిలికాన్ వంకరను కూడా కప్పిపెడుతుంది కనుక చదును చేసే ఓపిక తగ్గింది. లోపలికి పొంగిన జిగురు తునకలు తెగి సన్నని నూనె దారుల్లో ఇరుక్కుంటే బేరింగే మాడిపోతుంది.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన, మూలరూపం చెడని వాహనాలకు వింటేజ్ గుర్తింపునిస్తూ నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. తిరువొత్తియూరు తొలినాటి బుల్లెట్లు ఆ వయసును ఎప్పుడో దాటాయి. అటువంటి బండిని షెడ్డుకు తీసుకుపోయేవారు ఇంజన్ విప్పనీయక ముందు బ్రీథర్ గొట్టాన్ని, తరువాత పంపు బిళ్లలను చూడమని అడగాలి; జిగురు ట్యూబు వంతు మూతలన్నీ చదునయ్యాకనే రావాలి.