బంతిపూవు ఒక పూవు కాదు

బంతినారు పోయుటకు మన యిండ్లలో ఎండిన పూవును నలిపి విత్తనములు తీయుదురు. నలుపక, ఒక్కొక్క రేకునే మెల్లగా పెరికి చూచినచో, దాని మొదట సన్నని నల్లని విత్తనమొకటి అంటియుండును. మందారపు రేకునకు విత్తనముండునా? బంతియందు మనము రేకనునది రేకు కాదు, అదియే యొక పూవు. పూవనునది పూవుల సమూహము. ఇరువదియేండ్లు పాఠము చెప్పిన పిదపగాని మేమీ సంగతిని కంటితో చూడలేదు. అంతవరకు పుస్తకము చెప్పినదే పిల్లలకు అప్పగించుచుంటిమి.

చామంతి, పొద్దుతిరుగుడు, గుంటగలగర, గడ్డిచామంతి ఈ కుటుంబములోనివే. ఇందు సుమారు 25,000 జాతులున్నవి. పొద్దుతిరుగుడు నడిమి బింబమున గొట్టములవంటి చిన్నపూవులు వందలకొలది యుండును, అవియే గింజలగును. అంచున కిరణములవలె నిలిచినవి గొడ్డుపూవులు.

1753లో లిన్నేయసు వీనిని, పుప్పొడితిత్తులు ఒండొంటితో అతుకుకొనియుండుటనుబట్టి, ఒక వర్గమున చేర్చెను. ఆ వర్గమును మరల విభజించుటలో అంచునగల స్త్రీపూవులను కొన్నిచోట్ల 'అదనము' లనియు, కొన్నిచోట్ల 'ఆవశ్యకము' లనియు, గొడ్డుపూవులను 'వ్యర్థము' లనియు పేర్కొనెను. పూవులకును ఇట్టి పేర్లు తప్పలేదు! పేర్ల మాట యటుండ, ఈ విభజన బంధుత్వమును తెలుపునది కాదు.

బంధుత్వమును వెదకినవాడు ఆన్రీ కాసినీ. ఇతడు 1781లో పారిస్ నక్షత్రశాలలో జన్మించెను. శనిగ్రహ వలయమునందలి సందును కనిపెట్టిన కాసినీ యితని పూర్వుడు. తండ్రివరకు నాలుగు తరములవారు ఖగోళజ్ఞులు. ఇతడో న్యాయాధిపతియై, తీరిక వేళలందు ఈ చిన్నపూవులను విప్పి చూచుచుండెను. 1812లో మొదటి వ్యాసమును కీలముమీదనే చదివెను. అతుకుకొన్న తిత్తుల గొట్టములో కీలము పెరుగుచు, పుప్పొడిని పైకి త్రోసి, పిమ్మట రెండు కొమ్మలుగా విచ్చుకొనును. ఆ కొమ్మల ఆకారము, వాని నూగు తెగతెగకు వేరు. గొట్టపుపూవు అంచునగల అయిదు పలుకులలో ఈనెలు నడుమ పోవక ఒడ్డులవెంట పోవుటయు ఇతడు చూచెను. లండనులో రాబర్టు బ్రౌను కూడ దానినే కనిపెట్టెను. ముందెవరు చూచిరని వాదము పుట్టినది. మా దృష్టిలో ఆ వాదముకంటె, ఇరువురు వేరువేరుగా ఒక్కదానినే చూచుట గొప్ప సంగతి.

కాసినీ ఈ పూవుల కూటమికి గ్రీకుభాషనుండి 'చిన్నబుట్ట' యను పేరు పెట్టెను. అందమైన పేరే. కాని యట్టి క్రొత్తమాటలు లెక్కకు మిక్కిలి కల్పించుటచే చదువరులు బెదరిరి. 1832లో పారిస్‌లో వ్యాపించిన కలరాకు ఆయన బలియయ్యెను.

1873లో జార్జి బెంథము ఈ కుటుంబమును 13 తెగలుగా ఏర్పరచెను. 1987లో జాన్సెను, పామరు అను శాస్త్రజ్ఞులు ఆకుపచ్చకణికల డి.యన్.ఏ.ను పరీక్షించి, దక్షిణ అమెరికాలోని ఒక చిన్న తెగలో తప్ప తక్కిన బుట్టపూవులన్నిటను దానిలో ఒక భాగము తిరుగబడియున్నదని చూపిరి. ఆ తెగయే తక్కినవానినుండి మొదట వేరుపడిన శాఖ. ఈ పరీక్షల వెనుకను, పొద్దుతిరుగుడు తెగ, చామంతి తెగ మొదలగువాని పేర్లప్రక్కన కర్తగా కాసినీ పేరే నేటికిని వ్రాయుచున్నారు.

కోతలైన వరిమళ్లలో గులాబిరంగు గుండ్లవలె కనుపించు బోడసరమును మొన్న మా విద్యార్థియొకడు తెచ్చి, ఇది యొక బుట్టయేనా యని యడిగెను. విప్పి చూచితిమి. ఒక బుట్ట కాదు. చిన్నచిన్న బుట్టలనేకము కూడి ఒక గుండైనది.