మామూజాన్ డబ్బాలో దొరికిన గుమ్నామ్ సాజిందాలు

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా మామూజాన్ ఇంటి పక్కన ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. 1993లో వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ సామానంతా అమ్మేశారు. ఎవరూ కొనని ఒక అట్టపెట్టె రికార్డులను మాత్రం మామూజాన్‌కు ఇచ్చి వెళ్లారు. మామూజాన్ షౌక్ అంతా ఖవ్వాలీ. మన హైదరాబాదీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ అంటే ఆయనకు ప్రాణం. ‘ఈ గోరాల గోల నాకెందుకు బేటా, నువ్వే విను’ అని ఆ డబ్బా నా ముందుకు తోశారు.

అందులో ‘పిక్నిక్’ అనే జంట ఎల్‌పీ ఒకటి ఉంది. ఒక్కో పాటా ఒక్కో బ్యాండ్‌ది. ఉర్దూ మీడియం పిల్లవాణ్ణి, ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదివి, పేర్లన్నీ కాపీలో ఉర్దూలో రాసుకున్నాను. డీప్ పర్పుల్, పింక్ ఫ్లాయిడ్ పేర్లు తర్వాత అందరి నోటా విన్నాను. ఫారెస్ట్, క్వాటర్‌మాస్, థర్డ్ ఇయర్ బ్యాండ్... ఈ పేర్లు మాత్రం మళ్లీ ఎవరి నోటా వినలేదు. ఆ ‘ఇయర్’ అంటే చెవి అని తెలియక చాలాకాలం ‘తీస్రా సాల్’ బ్యాండ్ అనే అనుకున్నాను! వాళ్ల పాట మొదలుకాగానే పక్కగదిలో మామూజాన్ లేచి వచ్చారు. ‘షెహనాయీ ఎవరు వాయిస్తున్నారు?’ అని అడిగారు. అది షెహనాయీ కాదు, ఓబో. రెండూ జంట రీడుతో ఊదే వాయిద్యాలే కాబట్టి ఆయన చెవి పెద్దగా తప్పలేదు. డ్రమ్ సెట్టు లేకుండా చేత్తో వాయించే తాళంతో, వయొలిన్, చెల్లోలతో ఆలాప్‌లా సాగదీసే జమాత్ అది. 1971లో పొలాన్‌స్కీ తీసిన ‘మాక్బెత్’ సినిమాకు సంగీతం ఇచ్చింది వీళ్లే.

ఇలాంటి రికార్డును సాంప్లర్ అంటారని జర్నలిజంలోకి వచ్చాక తెలిసింది. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణదారు ముందు మన ముంజేతి మీద కాస్త రాసి, వాసన నచ్చితేనే సీసా అమ్ముతాడు కదా. సాంప్లర్ కూడా అంతే. 1968లో సీబీఎస్ కంపెనీ ఇంగ్లండ్‌లో ‘ది రాక్ మెషీన్ టర్న్స్ యూ ఆన్’ అనే రికార్డు వేసింది. ధర 14 షిల్లింగుల 11 పెన్స్, మామూలు ఎల్‌పీ ధరలో సగం కన్నా తక్కువ. బాబ్ డిలాన్ పేరు చూసి కొన్నవాళ్లు, పేరే వినని బ్యాండ్లనూ విన్నారు. అది బాగా అమ్ముడుపోవడంతో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

అప్పుడే ప్రోగ్రెసివ్ రాక్ పుడుతోంది. మూడు నిమిషాల పాట హద్దు దాటి, మధ్యలో లయ మార్చి, జాజ్‌నూ పాశ్చాత్య శాస్త్రీయాన్నీ కలుపుకునే బాణీ. రేడియోలో ఇమడని సంగీతం. అలాంటి బ్యాండ్లు జనం చెవిన పడాలంటే సాంప్లర్ పెద్ద సహారా. 1969లో ఐలాండ్ కంపెనీ వేసిన ‘నైస్ ఇనఫ్ టు ఈట్’లో కింగ్ క్రిమ్సన్ ఉంది. అదే రికార్డులో నిక్ డ్రేక్ అనే కుర్రాడూ ఉన్నాడు. అతను 26 ఏళ్లకే, 1974లో చనిపోయాడు. బతికుండగా అతని ఆల్బమ్‌లు కొన్నవాళ్లు కొద్దిమందే. డెక్కా వాళ్ల ‘వావీ జోవీ’లో జెనెసిస్ పాట ఉంది. ఆ బ్యాండ్ మొదటి ఆల్బమ్ వెయ్యి కాపీలు కూడా పోలేదు. ఆ పేరు చూసి దుకాణాల్లో దాన్ని మతగీతాల అరలో పెట్టారని చెబుతారు. మా ‘పిక్నిక్’ను 1970లో వేసింది హార్వెస్ట్. ఇలాంటి సంగీతం కోసమే ఈఎంఐ 1969లో పెట్టిన లేబుల్ అది.

మన దేశంలోనూ ఇలాంటిదొకటి జరిగింది. సిమ్లా సిగరెట్ ప్రచారం కోసం టొబాకో కంపెనీ ‘సిమ్లా బీట్’ అని బ్యాండ్ల పోటీలు పెట్టింది. 1970లో ఒకటి, 1971లో ఒకటి ఎల్‌పీలు వచ్చాయి. షిల్లాంగ్ ఫెంటోన్స్, కలకత్తా గ్రేట్ బేర్, మద్రాసు కన్ఫ్యూజన్స్ వాటిలో ఉన్నారు. అమ్మాలనుకున్నది సిగరెట్. మిగిలింది మాత్రం ఆ కుర్రాళ్ల గొంతులు. ఏళ్ల తర్వాత విదేశీ షౌకీన్లు వెతికి ఆ రికార్డుల్ని మళ్లీ వేయించారు.

తెలుగు డిగ్రీ చదివినా నా మనసు ఇలాంటి చోట ఉర్దూ వైపే పోతుంది. మన దగ్గర తజ్కిరా అనే రివాజు ఉంది కదా. ఒక్కో షాయర్ గురించి నాలుగు మాటలు, కింద కొన్ని షేర్లు. మీర్ తఖీ మీర్ 1752లో ‘నికాతుష్షుఅరా’ రాశారు. దీవాన్ దొరకని ఎందరో షాయర్లు ఇలాంటి కితాబుల్లో ఉన్న రెండు మూడు షేర్లతోనే జిందా ఉన్నారు. అయితే ఏరేవాడి చేతిలో వదిలేసే అధికారమూ ఉంటుంది. మీర్ మన దక్కన్ షాయర్లను పెద్దగా ఖాతరు చేయలేదు. పదేళ్ల తర్వాత ఔరంగాబాద్‌లో లచ్మీ నారాయణ్ షఫీఖ్ ‘చమనిస్తానె షుఅరా’ రాసి, మీర్‌తో తకరార్ పెట్టుకుని మరీ మనవాళ్లకు చోటిచ్చారు. దక్కన్‌లో కూర్చుని ఒకరు రాశారు కాబట్టి ఆ పేర్లు మనదాకా వచ్చాయి.

ఈ మాట నన్ను ఎందుకు కుదురుగా ఉండనివ్వడం లేదంటే, మామూజాన్ ఇంతెఖాల్ తర్వాత ఆ డబ్బాతో పాటు 11 క్యాసెట్‌లు కూడా నా దగ్గరికి వచ్చాయి. చిలకలగూడ, మెట్టుగూడ పెళ్లిళ్లలో లోకల్ ఖవ్వాల్ పార్టీలు పాడినవి. లేబుల్ మీద తారీఖు ఉంది, పెళ్లికొడుకు పేరు ఉంది. పాడినవాళ్ల పేర్లు లేవు. లండన్‌లో ఒకే ఒక్క సాంప్లర్‌లో దొరికిన ఓబో వాయించేవాడి పేరు పాల్ మిన్స్ అని నాకు తెలుసు. మా ఇంటి పెళ్లిలో తెల్లవార్లూ ఢోలక్ వాయించినాయన పేరు తెలియదు!

పోయిన నెల టేప్ రికార్డర్ బాగుచేయించి ముమానీజాన్ దగ్గర కూర్చున్నాను. కళ్లు మూసుకుని విన్నారు. ఒక్కో గొంతుకూ ఆగి, ఆలోచించి, నాలుగు పేర్లు చెప్పారు. ఐదో గొంతు దగ్గర ‘మీ మామూకి తెలిసేది’ అని ఊరుకున్నారు.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి క్యాసెట్‌లు ఉంటే కబాడీకి వేసే ముందు ఒక్కసారి ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించండి. వాళ్లు చెప్పిన పేర్లు ఆ లేబుల్ మీదే పెన్నుతో రాయండి. ఉర్దూలోనో తెలుగులోనో, ఏదైనా సరే.