పాఠానికి పెట్టుబడి: మనోవైద్య, నాడీవైద్య విద్యలో గ్రాంట్లు కొనవలసినది ఏమిటి?

వైద్య విద్యార్థులు నాడీవైద్యమంటే పడే భయానికి ‘న్యూరోఫోబియా’ అని 1994లో పేరు పెట్టినవాడు అమెరికా నాడీవైద్యుడు రాల్ఫ్ జోజెఫోవిజ్. మొదటి ఏళ్ళలో చదివిన నాడీశాస్త్రాన్ని ఎదుటనున్న రోగికి అన్వయించుకోలేకపోవడమే ఆ భయానికి మూలమని ఆయన నిర్ధారణ. తప్పు శాస్త్రానిది కాదు, దాన్ని చెప్పే పద్ధతిది. పద్ధతి మారాలంటే ఎవరో ఒకరు కొత్త పాఠం తయారుచేయాలి, తరగతిలో చెప్పి చూడాలి, ఫలితం కొలవాలి. ఓపీ, వార్డు రౌండ్లు, పరీక్ష పేపర్లు అయ్యాక అధ్యాపకుడికి అంత తీరిక దొరకదు. బోధనలో కొత్తదనం కోసం ఇచ్చే గ్రాంటు మొట్టమొదట ఆ తీరికను కొనాలన్నది ఈ వ్యాసంలో నా వాదన.

వైద్యవిద్య పరిశోధనకు డబ్బు ఎంత అరుదో రీడ్ అనే పరిశోధకురాలి బృందం 2005లో ‘జామా’ పత్రికలో చూపింది. వారు పరిశీలించిన అధ్యయనాల్లో దాదాపు 70 శాతానికి ఏ నిధీ లేదు. అదే బృందం 2007లో 210 అధ్యయనాల నాణ్యతను 18 మార్కుల కొలమానంతో తూచింది. 20,000 డాలర్లు, అంతకు మించి నిధులు అందిన వాటికి సగటున దాదాపు ఒక మార్కు ఎక్కువ వచ్చింది. మంచి పరిశోధకులకే గ్రాంట్లు దక్కుతాయి, అందులో డబ్బు గొప్పేముంది అని అడగవచ్చు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. ఆ లెక్కలు సంబంధాన్ని చూపుతాయే తప్ప కారణాన్ని రుజువు చేయవు. అయితే గ్రాంటు కోరేవారు ఏం మారుస్తారో, దేనితో కొలుస్తారో ముందే రాసివ్వాలి. ఆ క్రమశిక్షణ విలువ చిన్నది కాదు. పైగా 20,000 డాలర్లు వైద్య పరిశోధన లెక్కల్లో చాలా చిన్న మొత్తం.

ఆ చిన్న డబ్బు ఏం చేయగలదో చెప్పడానికి నేషనల్ న్యూరోసైన్స్ కరికులం ఇనిషియేటివ్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. డేవిడ్ రాస్, మెలిస్సా ఆర్బకిల్, మైఖేల్ ట్రావిస్ అనే ముగ్గురు మనోవైద్య అధ్యాపకులు మొదలుపెట్టిన దీనికి అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఆర్25 అనే విద్యా గ్రాంటు ఇచ్చింది. వారి పాఠాలు చూస్తే ఆ డబ్బు ఎటు పోయిందో తెలుస్తుంది. ఒక పాఠంలో పీజీ విద్యార్థులు బంకమట్టి ముద్దలతో మెదడు భాగాలను చేత్తో చేసి ఒకదానికొకటి అతికిస్తారు. మరొకదానిలో ఒకరు రోగిగా, ఒకరు వైద్యుడిగా కూర్చుంటారు. జబ్బు వెనుక మెదడులో ఏ దారి దెబ్బతిన్నదో ఆ ‘రోగి’కి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి; జోజెఫోవిజ్ చెప్పిన అగాధం పూడేది సరిగ్గా అక్కడే. నాడీశాస్త్రంలో నిపుణుడు కాని ఉపాధ్యాయుడు సైతం నడపగలిగేలా ప్రతి పాఠానికీ బోధకుడి సూచనలు జతచేసి ఉచితంగా అందరికీ ఇచ్చారు. గ్రాంటు ఆగితే కొత్తదనమూ ఆగిపోతుందనే రెండో అభ్యంతరానికి సమాధానం ఇందులోనే ఉంది. జీతానికి పెట్టిన డబ్బు నెల తిరిగేసరికి అయిపోతుంది. అందరికీ పంచిన పాఠం మిగులుతుంది.

మూడో అభ్యంతరం మన దేశంలో బలంగా వినిపిస్తుంది: వైద్యులే చాలనప్పుడు బోధన మీద ప్రయోగాలెందుకు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. (12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు.) ఇంత పెద్ద లోటును మనోవైద్య నిపుణులతోనే పూడ్చలేం. పీహెచ్‌సీలో కూర్చునే ఎంబీబీఎస్ డాక్టరు దిగులు జబ్బును, మూర్ఛను గుర్తుపట్టాలి. ఆయన మనోవైద్యం నేర్చుకునేది కొద్ది వారాల పోస్టింగులోనే. వ్యవధి అంత తక్కువైనప్పుడు బోధన నాణ్యతే నిర్ణాయకం. కనుక ఈ అభ్యంతరం నా వాదనకే బలం. 2019లో సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చి ఏం నేర్పాలో రాసిపెట్టింది. ఎలా నేర్పాలో కనిపెట్టే పని అధ్యాపకుల మీద పడింది, దానికి వేళ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద భవనాలకు, పరికరాలకు, పీజీ విభాగాలకు నిధులు వచ్చాయి. అవీ అవసరమే.

విజయవాడ, వరంగల్‌లలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఒక్కటే. ఏటా కొద్దిమంది మనోవైద్య, నాడీవైద్య అధ్యాపకులకు వారంలో ఒక రోజు ఓపీ నుంచి విడుదల ఇవ్వండి, ఆ రోజు ఖర్చు విశ్వవిద్యాలయమే భరించండి. వారు తయారుచేసిన పాఠాన్ని తెలుగు రోగితో తెలుగులో మాట్లాడే అభ్యాసంతో సహా రెండు రాష్ట్రాల కళాశాలలన్నిటికీ ఉచితంగా పంచాలన్నది ఒక్కటే షరతుగా పెట్టండి.